ఒకే తోట షిరాజ్‌ను రుచి చూడటం ఎలా? రెండు గ్లాసుల పద్ధతి

"సింగిల్ వైన్‌యార్డ్ అని రాసి ఉన్న షిరాజ్ బాటిల్ తెరిచాను. బాగానే ఉంది. కానీ మామూలు షిరాజ్‌కీ దీనికీ తేడా ఏమిటో ఎంత ప్రయత్నించినా పట్టుబడలేదు. నా నాలుకే సరిగా లేదా?"

ఈ ప్రశ్న నన్ను అడిగినంతమంది ఇంకే ప్రశ్నా అడగలేదు. నాలుక సరిగానే ఉంది. ఒక్క గ్లాసునే ముందు పెట్టుకుని అందులో తోట గుణం వెతకడం దగ్గరే చిక్కు వస్తోంది. అక్కచెల్లెళ్ల గొంతుల్లో తేడా ఫోన్‌లో ఒకరే మాట్లాడితే తెలియదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మాట్లాడితే ఇట్టే తెలిసిపోతుంది. షిరాజ్ అనే ఎర్ర వైన్ కూడా అంతే. పక్కన ఇంకో షిరాజ్ ఉంటేనే తన సంగతి చెబుతుంది. అందుకే కింద రాసిందంతా రెండు గ్లాసుల లెక్కలోనే ఉంటుంది.

ఇది ఇప్పటికే వైన్ అలవాటున్న పెద్దవాళ్ల కోసం రాశాను. గర్భిణులు, ఆల్కహాల్‌తో పడని మందులు వాడుతున్నవాళ్లు, తర్వాత బండి నడపాల్సినవాళ్లు దీన్ని పక్కన పెట్టేయండి.

ముందు తెలియాల్సింది కాస్తే

షిరాజ్, సిరా ఒకే ద్రాక్ష. ఆస్ట్రేలియాలో షిరాజ్ అంటారు, ఫ్రాన్స్‌లో సిరా అంటారు. ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందన్న కథ చాలాకాలం నడిచింది కానీ, 1990ల చివర జరిగిన డీఎన్‌ఏ పరీక్షల్లో దీని తల్లిదండ్రులు దురేజా, మొందూజ్ బ్లాన్ష్ అనే రెండు ఫ్రెంచ్ రకాలని తేలింది. 1832లో, ఆస్ట్రేలియాలో ద్రాక్షసాగు కోసం పాటుపడిన జేమ్స్ బస్బీ యూరప్ నుంచి సిడ్నీకి తెప్పించిన కొమ్మల్లో ఇదీ ఉంది.

సింగిల్ వైన్‌యార్డ్ అంటే ద్రాక్షంతా ఒకే తోటలో కాసింది అని అర్థం. అది వైన్ ఎక్కడిదో చెబుతుంది, ఎంత గొప్పదో చెప్పదు. దీనికి రెండు పేరున్న ఉదాహరణలు పక్కపక్కనే ఉన్నాయి. 1951లో పెన్‌ఫోల్డ్స్ కంపెనీ వైన్ తయారీదారు మాక్స్ షూబర్ట్ మొదలుపెట్టిన పెన్‌ఫోల్డ్స్ గ్రేంజ్ ప్రధానంగా షిరాజే, కానీ వేర్వేరు ప్రాంతాల ద్రాక్ష కలిపి చేస్తారు. హెన్ష్‌కీ కుటుంబం 1958 నుంచి చేస్తున్న హిల్ ఆఫ్ గ్రేస్ మాత్రం దక్షిణ ఆస్ట్రేలియాలోని ఈడెన్ వ్యాలీలో ఒకే ఒక్క తోటది. అక్కడి అతి పాత తీగలు 1860 ప్రాంతంలో నాటినవి. రెండూ ప్రపంచం గౌరవించే వైన్లే. కలిపి చేసేవాళ్లు ఒక తోట లోటును ఇంకో తోటతో పూడ్చుకోవచ్చు. ఒకే తోటవాళ్లకి ఆ వీలు లేదు. ఆ ఏడు ఎండ ఎక్కువ కాస్తే అదీ సీసాలోకే వస్తుంది, వాన ఆలస్యమైతే అదీ వస్తుంది. మనం రుచిలో వెతకబోయేది సరిగ్గా దాన్నే.

కావలసినవి

- రెండు షిరాజ్ బాటిళ్లు. ఒకటి సింగిల్ వైన్‌యార్డ్. రెండోది అదే ప్రాంతంలో వేర్వేరు తోటల ద్రాక్ష కలిపి చేసింది. రెండింటి తయారీదారూ ఒకరే అయితే మరీ మంచిది, ఎందుకంటే అప్పుడు తయారీ పద్ధతి వల్ల వచ్చే తేడా తగ్గుతుంది. ఏడాది కూడా ఒకటే ఉండేలా చూడండి, లేదా ఒకటి అటూ ఇటూ.
- ఒకే రకం గ్లాసులు కనీసం మూడు. పైకి వచ్చేసరికి కాస్త మూసుకుపోయినట్టుండే తులిప్ ఆకారం కావాలి. 215 మిల్లీలీటర్ల చిన్న టేస్టింగ్ గ్లాసు చాలు.
- తెల్ల కాగితం, పెన్ను, నోట్‌బుక్.
- మంచినీళ్లు, ఏ మసాలా లేని బ్రెడ్ ముక్కలు.
- ఉమ్మడానికి లోపల కనపడని ఒక కప్పు.
- బాటిళ్లకి తొడగడానికి రెండు కాగితపు సంచులు.
- థర్మామీటర్ ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది.

రెండు బాటిళ్లు ఎక్కువనిపిస్తే నలుగురైదుగురు కలిసి కూర్చోండి. 750 మిల్లీలీటర్ల బాటిల్ 50 చొప్పున పోస్తే 15 సార్లకు వస్తుంది. అదే తయారీదారు చేసిన రెండు వేర్వేరు సింగిల్ వైన్‌యార్డ్‌లు దొరికితే ఇంకా లోతుగా చూడొచ్చు, కానీ మొదటిసారికి పైన చెప్పిన జతే సులువు.

ఆ రోజు సెంటు కొట్టుకోకండి. వాసన కొవ్వొత్తులు వెలిగించకండి. భోజనానికి ముందు, కాఫీ తాగి కనీసం గంట అయ్యాక కూర్చోండి. జలుబు చేసి ఉంటే వాయిదా వేసుకోండి. ముక్కు పని చేయని రోజు ఈ పనికి అర్థం లేదు.

దశలవారీగా

1. లేబుల్ చదవండి, తర్వాత మర్చిపోండి.

చూడాల్సినవి నాలుగు: తోట పేరు, ప్రాంతం, కోత సంవత్సరం, ఆల్కహాల్ శాతం. ఆస్ట్రేలియాలో లేబుల్ మీద ఒక రకం పేరు ఒక్కటే వేయాలంటే కనీసం 85 శాతం ఆ ద్రాక్షే ఉండాలి. ఏడాదికీ, ప్రాంతానికీ అదే 85 శాతం నియమం. పాత తీగలన్న మాట కనిపిస్తే ఇంకాస్త ఆగి చదవండి. దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా ప్రాంతంలో దీనికి 2009 నుంచి ఒక వరస ఉంది: 35 ఏళ్లు దాటితే ఓల్డ్, 70 దాటితే సర్వైవర్, 100 దాటితే సెంటెనేరియన్, 125 దాటితే యాన్సెస్టర్. వెనక లేబుల్ మీద "బ్లాక్‌బెర్రీ, చాక్లెట్" అని రాసి ఉంటే మాత్రం చదవొద్దు. చదివారంటే మీ ముక్కు అదే పాట పాడుతుంది.

2. చల్లబరచండి.

షిరాజ్‌కి 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. గది వేడి 28 డిగ్రీలు ఉంటే బాటిల్‌ను సుమారు గంట నుంచి గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. "రెడ్ వైన్ గది ఉష్ణోగ్రతలో తాగాలి" అన్న మాట చలిదేశాల పాతకాలపు ఇళ్లలో పుట్టింది. వేడిగా ఉన్న షిరాజ్‌లో ఆల్కహాల్ ముక్కుకి గుచ్చుకుంటుంది, పండు వాసన జావలా అయిపోతుంది. మరీ చల్లగా ఉంటే వాసన మూసుకుపోయి వగరు మొరటుగా తగులుతుంది. రెండు బాటిళ్లూ ఒకే చల్లదనంలో ఉండటం అన్నింటికంటే ముఖ్యం. నాలుగు డిగ్రీల తేడా ఉంటే మీరు పోల్చేది తోటల్ని కాదు, ఫ్రిజ్ అరల్ని.

పదేళ్లు దాటిన బాటిల్ అయితే ఒక రోజు ముందే నిలబెట్టి ఉంచండి. మడ్డి అడుక్కి దిగుతుంది.

3. ఖాళీ గ్లాసును వాసన చూడండి.

ఈ దశను దాదాపు అందరూ వదిలేస్తారు. గ్లాసును ముక్కు దగ్గర పెట్టి నెమ్మదిగా పీల్చండి. అలమారలో బోర్లించి ఉంచిన గ్లాసులో చెక్క వాసన నిలిచిపోతుంది. తడి గుడ్డతో తుడిచిన దాంట్లో గుడ్డ వాసన ఉంటుంది. సబ్బు సరిగా కడగకపోతే అదీ తెలుస్తుంది. ఏదైనా తగిలితే వేడినీళ్లతో కడిగి, గాలికి ఆరనిచ్చి, కొద్దిగా వైన్ పోసి గ్లాసంతా తిప్పి పారబోయండి. ఒకసారి నేను ఒక వైన్‌లో "పాత దేవదారు చెక్క" అని పెద్దగా రాసుకున్నాను. మర్నాడు కడిగిన గ్లాసులు సర్దుతుంటే అదే వాసన ఖాళీ గ్లాసులో వచ్చింది. ఆ రోజు నుంచి ఈ దశను నేనెప్పుడూ దాటవేయలేదు.

4. తెరవగానే లోపం ఉందేమో చూడండి.

ఒక్కో దాంట్లో 30 మిల్లీలీటర్లు పోసి, గ్లాసు తిప్పకుండా ఒకసారి వాసన చూడండి. చెడిపోయిన వైన్‌ను "తోట గుణం" అని మెచ్చుకోవడం కంటే పెద్ద నష్టం లేదు కాబట్టి ఇక్కడ కొంచెం సమయం తీసుకోండి.

తడిసిన అట్టపెట్టె, ముక్కిపోయిన గోనెసంచి వాసన వస్తే అది కార్క్ దోషం, అంటే బిరడా నుంచి వైన్‌కి అంటిన చెడు. తిప్పినకొద్దీ, సేపు గడిచినకొద్దీ పెరుగుతుందే గానీ తగ్గదు. ఆ బాటిల్‌ను పక్కన పెట్టి, కొన్నచోట మార్చి ఇమ్మని అడగండి. తక్కువ మోతాదులో ఉన్నప్పుడు వాసనగా బయటపడకుండా పండు వాసనను మాత్రమే చంపేస్తుంది. వైన్ నిస్తేజంగా అనిపిస్తుందంతే.

కాలిన అగ్గిపుల్ల, రబ్బరు, ఉడికిన గుడ్డు వాసన వస్తే కంగారు పడకండి. తయారీలో గాలి తక్కువ తగిలినప్పుడు సిరా ద్రాక్షకి ఇది తేలిగ్గా వస్తుంది. పది, ఇరవై నిమిషాలు గ్లాసులో తిప్పితే చాలావరకు పోతుంది. పోకపోతే ఒక గ్లాసులో శుభ్రమైన రాగి ముక్క వేసి తిప్పి వాసన చూడండి. వాసన తగ్గిందంటే మీ అనుమానం నిజమే. ఆ గ్లాసు పరీక్షకే, తాగకండి.

నెయిల్ పాలిష్ తుడిచే ద్రావకం వాసన, గుర్రపుశాల వాసన, బ్యాండేజ్ వాసన: ఈ మూడూ లీలగా ఉంటే కొందరికి ఇష్టం, ఎక్కువైతే అందరికీ లోపమే. కోసి వదిలేసిన ఆపిల్‌లా గోధుమరంగు, బాదం వాసన వస్తే గాలి సోకి పాడైనట్టు.

స్క్రూ క్యాప్ ఉన్న వైన్‌ను తక్కువగా చూడకండి. ఆస్ట్రేలియాలో ఎంతో మంచి షిరాజ్‌లు స్క్రూ క్యాప్‌తోనే వస్తాయి. కార్క్ దోషం బాధ కూడా దాదాపు ఉండదు.

5. గాలి తగలనివ్వండి.

ఐదేళ్ల లోపు షిరాజ్‌కి గంట, రెండు గంటలు డికాంటర్‌లో (వైన్ ఒంపుకునే వెడల్పాటి గాజు పాత్రలో) మేలు చేస్తాయి. డికాంటర్ లేకపోతే శుభ్రమైన గాజు జగ్గు చాలు. కార్క్ తీసి బాటిల్‌ను అలా వదిలేయడం వల్ల ఉపయోగం లేదు, మెడలో ఉన్న ఆ రూపాయి బిళ్లంత చోటు నుంచి గాలి ఏమీ లోపలికి పోదు. పాత వైన్‌ను మాత్రం తాగే ముందే మెల్లగా వంచి, మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేయండి. దానికి గంటల గాలి పెడితే ఉన్న వాసన కూడా పోతుంది.

రెండు వైన్లకీ ఒకేలా చేయండి. ఒకటి డికాంటర్‌లో, ఒకటి బాటిల్‌లో అన్నది కుదరదు.

6. రంగు చూడండి, కానీ నమ్మకండి.

గ్లాసుకి 50 మిల్లీలీటర్లు పోసి, తెల్ల కాగితం మీద 45 డిగ్రీలు వంచి పైనుంచి చూడండి. షిరాజ్ తోలులో రంగు ఎక్కువ. నడిమధ్య దాదాపు రాసే ఇంకులా ఉంటుంది. అంచు చూడండి: ఊదా రంగు ఉంటే కుర్ర వైన్, ఇటుక రంగు తిరుగుతుంటే వయసు మీద పడింది. గ్లాసు గోడల మీద జారే "కాళ్లు" ఆల్కహాల్ గురించి కొంత చెబుతాయి, నాణ్యత గురించి ఏమీ చెప్పవు.

నమ్మకండి అని ఎందుకంటున్నానంటే, 2001లో ప్రచురించిన ఒక ఫ్రెంచ్ పరిశోధనలో, బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ తయారీ చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎరుపు రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతో వర్ణించారు. చదువుకున్నవాళ్ల ముక్కునే కన్ను లాక్కుపోయింది. అందుకని రంగుకి ఒక్క నిమిషం కంటే ఎక్కువ ఇవ్వకండి.

7. వాసన. అసలు పని ఇక్కడే.

ముందు తిప్పకుండా, తర్వాత గ్లాసు అడుగును బల్ల మీద ఆనించి రెండు మూడు చుట్లు తిప్పి. పొడవుగా పీల్చొద్దు. చిన్న చిన్నగా రెండు మూడు సార్లు పీల్చి, గ్లాసు దించి, ఊపిరి వదిలి, రాసుకోండి. వరసగా పీలుస్తూనే ఉంటే ముక్కు అలసిపోతుంది. అలసినప్పుడు మీ చొక్కా చేతిని వాసన చూడండి. అలవాటైన సొంత వాసన ముక్కును మళ్లీ మామూలు చేస్తుంది.

రాసేటప్పుడు ఒకే ఒక్క నియమం: మీరు ఎప్పుడైనా నిజంగా వాసన చూసిన వస్తువు పేరే రాయండి. బ్లాక్‌బెర్రీ జన్మలో తినని మనిషి బ్లాక్‌బెర్రీ అని రాసుకుంటే రేపు ఆ మాట చూసి ఏం గుర్తుకు రావాలి? మీకు నేరేడు పండులా అనిపిస్తే నేరేడు అనే రాయండి. అతిమధురం వేరు నమిలిన జ్ఞాపకం ఉంటే అది రాయండి. కొత్త తోలు చెప్పులు, వాన మొదలైనప్పటి మట్టి, గ్రీజు, ఏదైనా సరే. ఆ నోట్‌బుక్ మీ కోసం.

షిరాజ్‌లో ఈ కుటుంబాల్ని వెతకండి. నల్ల పండ్లు: పచ్చిగా, పండి, ముగ్గి, ఉడికించిన జామ్‌లా, ఈ నాలుగు మెట్లలో ఎక్కడుంది? మిరియాలు ఉన్నాయా? పువ్వులు, ముఖ్యంగా వయలెట్? మాంసం కాల్చిన పొగ, ఆలివ్? చాక్లెట్? తర్వాత పీపా వాసన, అంటే వైన్‌ను నిల్వ ఉంచిన ఓక్ చెక్క పీపా ఇచ్చిన వాసన, విడిగా లెక్కపెట్టండి. కొబ్బరి, వనిల్లా దండిగా ఉంటే అమెరికన్ ఓక్ అయ్యుండొచ్చు. లవంగం, కాల్చిన రొట్టె, అంతా అణకువగా ఉంటే ఫ్రెంచ్ ఓక్. ఈ వాసనలు పీపా ఇచ్చినవి, తోటవి కావు. చాలామంది "ఈ తోట ఎంత బాగుందో" అని మురిసిపోయేది కొత్త పీపా చూసే. దాన్ని మనసులో తీసి పక్కన పెట్టి, మిగిలింది ఏమిటో చూడండి.

మిరియాల వాసన గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దానికి కారణం రోటండోన్ అనే పదార్థమని, మిరియాల్లోనూ షిరాజ్‌లోనూ ఉన్నది అదేనని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రచురించారు. ఎర్ర వైన్‌లో లీటరుకి 16 నానోగ్రాములున్నా ముక్కుకి తెలిసేంత ఘాటు అది. చల్లటి చోట, ఆలస్యంగా పండిన ద్రాక్ష తోలులో ఎక్కువ చేరుతుంది. ఒకే తోటలో కూడా నీడపడే వైపు, ఎండపడే వైపు తేడా ఉంటుంది. అయితే ఐదుగురిలో సుమారు ఒకరికి ఈ వాసన అసలు తెలియదు. పక్కవాళ్లంతా "మిరియాలు, మిరియాలు" అంటుంటే మీకు అందకపోతే టెన్షన్ పడకండి. మీరు ఆ ఒక్కరు కావచ్చు. మిగతా వాసనల మీద పని చేయండి.

నీలగిరి తైలం లాంటి చల్లటి వాసన తగిలిందా? అది తోట ఆనవాలుకి చక్కటి ఉదాహరణ. తోట పక్కన యూకలిప్టస్ చెట్లుంటే వాటి నూనె గాలిలో వచ్చి ద్రాక్ష తోలు మీద చేరుతుంది, ఆకులూ కోతలో కలుస్తాయి. చెట్లకి దగ్గరి వరసల్లో ఎక్కువ, దూరపు వరసల్లో తక్కువ.

8. నోట్లో.

ఒక చెంచాడు వైన్ తీసుకుని నోరంతా తడిసేలా తిప్పండి. పెదవులు కొద్దిగా తెరిచి గాలి లోపలికి లాగండి. చప్పుడు అవుతుంది, కానివ్వండి. ఆ గాలి వాసనను గొంతు వెనక నుంచి ముక్కుకి చేరుస్తుంది. పది సెకన్లు ఉంచి ఉమ్మేయండి. 14.5 శాతం వైన్ 50 మిల్లీలీటర్లలో దాదాపు 6 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మింగుతూ పోతే నాలుగో గ్లాసు దగ్గర మీ తీర్పు మీది కాదు. ఉమ్మడం మొరటుతనం అనుకోవద్దు, ఈ పనిలో ఉన్నవాళ్లంతా చేసేదే.

ఇప్పుడు ఒక్కో గుక్కకి ఒక్కో దాని మీదే దృష్టి పెట్టండి.

పులుపు: ఉమ్మాక తల కొంచెం వంచి చూడండి. నోట్లో నీళ్లు ఎంత త్వరగా ఊరితే పులుపు అంత ఎక్కువ. చల్లటి తోటల షిరాజ్‌లో ఇది స్పష్టంగా తెలుస్తుంది.

వగరు: ఇంగ్లీషులో దీన్ని వివరించడానికి పేజీలకు పేజీలు రాస్తారు. మనకి ఆరు రుచుల్లోనే దానికో పేరుంది. టానిన్ అంటే ఆ వగరే. పైపెదవి వెనక చిగుళ్ల మీద నాలుక కొనను జరిపి చూడండి. నున్నగా జారుతోందా, మెత్తటి పొడి అంటుకున్నట్టుందా, ఇసుక కాగితంలా పట్టుకుంటోందా? ఎక్కడ పట్టుకుందో కూడా చూడండి: చిగుళ్ల మీదా, బుగ్గల లోపలా, నాలుక మధ్యలోనా? ఎక్కువా తక్కువా అన్నదానికంటే ఎలాంటి వగరన్నది ముఖ్యం. రెండు గ్లాసుల మధ్య తోట తేడా నాకు చాలాసార్లు వాసనలో కంటే ఈ వగరు నేతలోనే ముందు దొరికింది. ఎక్కువసేపు మరిగిన టీ తాగినట్టు నోరు ఎండిపోయి చేదు మిగిలితే అది మొరటు వగరు. పట్టుకుని మెల్లగా వదిలేస్తే మంచి వగరు.

బరువు: వెన్న తీసిన పాలకీ, చిక్కటి పాలకీ ఉన్న తేడా లాంటిది. ఆల్కహాల్ మంట గొంతులో తెలుస్తోందా?

ఒకటి గుర్తుంచుకోండి: నాలుక కొన మీద తీపి, అంచుల్లో పులుపు అన్న బొమ్మ తప్పు. అన్ని రుచులూ నాలుక అంతటా తెలుస్తాయి.

9. లెక్కపెట్టండి.

ఉమ్మిన క్షణం నుంచి మంచి రుచి ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టండి. వగరూ మంటా నిలిస్తే లెక్కలోకి రాదు. పండు, మిరియం, పువ్వు, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఐదు సెకన్లు సాధారణం, పదిహేను దాటితే మంచిది. రెండు గ్లాసులకీ అంకెలు రాసుకోండి.

10. ఇప్పుడు రెండూ పక్కపక్కన.

నాలుగు ప్రశ్నలు చాలు. ఏది ఎక్కువ చెబుతోంది, ఏది ఎక్కువ నున్నగా ఉంది? కలిపిన వైన్ చాలాసార్లు గుండ్రంగా, ఏ మూలా పొడుచుకురాకుండా ఉంటుంది. ఒకే తోటదానిలో ఏదో ఒక గుణం ముందుకి వచ్చి నిలబడుతుంది. ఆ గుణం వాసనలోనూ, నోట్లోనూ, చివర్లోనూ మూడుచోట్లా కనిపించిందా? అది పీపా వల్ల కాదని చెప్పగలరా? ఒక్క వాక్యంలో రాయగలరా?

ప్రాంతాల గురించి కొన్ని గుర్తులు, ముందు ఆస్ట్రేలియావి: బరోసా వ్యాలీ కింది నేల షిరాజ్ ముగ్గిన పండు, చాక్లెట్, నిండు ఒళ్లు. దాన్ని ఆనుకునే ఉన్న ఈడెన్ వ్యాలీ ఎత్తు ఎక్కువ, చల్లన, అందుకే పువ్వులూ మిరియాలూ పులుపూ పైకి వస్తాయి. గ్రాంపియన్స్‌లో మిరియం. హంటర్ వ్యాలీది తేలిక ఒళ్లు, వయసుతో తోలు వాసన. ఫ్రాన్స్ ఉత్తర రోన్‌లో పొగ, ఆలివ్, వయలెట్. అక్కడి కోత్ రోతీలో తెల్ల ద్రాక్ష వియోన్యే కొంత కలిపి పులియబెట్టే ఆనవాయితీ ఉంది. మీ తోటది తన ప్రాంతపు అచ్చుకి ఎక్కడ కట్టుబడింది, ఎక్కడ పక్కకి జరిగింది అని చూడండి. పక్కకి జరిగిన ఆ చోటే తోట గొంతు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

గ్లాసు నిండా పోయడం. తిప్పడానికి చోటుండదు, వాసన నిలవడానికీ ఉండదు. మూడో వంతు దాటొద్దు.

ఘాటుగా ఉన్నదే గొప్పది అనుకోవడం. పక్కపక్కన పెట్టినప్పుడు నలుపు, తీపి, పీపా ఎక్కువున్న వైన్ మొదటి గుక్కలో గెలుస్తుంది. మూడో గుక్కకి విసుగొస్తుంది. అందుకే తీర్పు మొదటి గుక్కలో ఇవ్వకండి.

ఎదుటివాళ్ల మాట విని రాయడం. నలుగురు కూర్చున్నప్పుడు మొదట నోరు తెరిచినవాళ్ల మాటే అందరి నోట్‌బుక్‌లోకి వెళ్తుంది. అందరూ రాసుకున్నాకే మాట్లాడుకోవాలని ముందే చెప్పుకోండి. ఒకసారి మా బృందంలో కార్క్ దోషం ఉన్న బాటిల్‌ను ఒక పెద్దాయన "ఆహా, నేల వాసన" అన్నారు. అందరూ తల ఊపారు. నేనూ ఊపాను. చివర్లో ఒక అమ్మాయి "నాకు తడిసిన అట్ట వాసన వస్తోందండీ" అని భయపడుతూ చెప్పింది. ఆమే కరెక్టు.

కారం తిన్న నోటితో మొదలుపెట్టడం. కారం తర్వాత ఆల్కహాల్ మంట రెట్టింపు తెలుస్తుంది, పండు రుచి పోతుంది.

ధర చూసి మార్కులు వేయడం. దీనికి మందు కింద ఉంది.

మీకు నిజంగా తేడా తెలిసిందా? సరిచూసుకోండి

రెండు బాటిళ్లకీ సంచులు తొడగండి. ఇంకొకరిని మూడు గ్లాసుల్లో పోయమనండి: రెండింట్లో ఒకటే వైన్, మూడోదాంట్లో ఇంకోటి. మీరు చూడకూడదు. పని ఒకటే: వేరుగా ఉన్నది ఏది? గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి గెలిస్తే పొంగిపోకండి. వరసగా ఐదుసార్లూ సరిగా చెబితే, అది అదృష్టం వల్ల జరిగే అవకాశం 243లో ఒకటే. 15 మిల్లీలీటర్ల చొప్పున పోసుకుని, ముందు వాసనతోనే ప్రయత్నించండి. ఎక్కువ మందికి వాసనే చాలు. మూడుసార్లయ్యాక పది నిమిషాలు ఆగండి.

తప్పుతుంటే మూడు చూడండి. చల్లదనం ఒకటేనా? ముక్కు అలసిందా? రెండు వైన్లూ నిజంగానే దగ్గరగా ఉన్నాయా? ఆఖరిది కూడా సమాధానమే. ఆ ఏడు ఆ తోట ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదన్నమాట. తేడా దొరికినట్టు నటించాల్సిన అవసరం లేదు.

రెండో పరీక్ష మీ నోట్‌బుక్‌కి. వారం తర్వాత మీరు రాసిన రెండు వర్ణనల్లో పేర్లు తీసేసి చదవండి. ఏది ఏ వైన్‌దో చెప్పగలిగితే మీ మాటలు పనికొచ్చేవి. "బాగుంది, నున్నగా ఉంది, పండు రుచి" అని రెండింటికీ రాసి ఉంటే మళ్లీ ఏడో దశకి వెళ్లండి.

మిగిలిన వైన్ పారబోయకండి. రెండు బాటిళ్లలోనూ సగం చొప్పున ఉంచి, గట్టిగా మూసి, ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు అదే వేళకి తీసి, ముప్పావు గంట బయట ఉంచి, మళ్లీ రెండు గ్లాసుల్లో పోయండి. రాత్రి ఘుమఘుమలాడిన పీపా వాసన వెనక్కి తగ్గి ఉంటుంది. పండు వాసనా కొంత దిగి ఉంటుంది. ఏ గ్లాసులో నిన్న మీరు రాసుకున్న ఆ ఒక్క వాక్యం ఇంకా నిలబడి ఉందో చూసి, దాని పక్కన తేదీ వేయండి.